ఎక్కించుకున్నారు సరే, దించేదెక్కడ?

1977 జూన్. దక్షిణ చైనా సముద్రంలో దారి తప్పిన ఓ చేపల పడవ. అందులో 66 మంది వియత్నామీయులు. తెచ్చుకున్న తిండి అయిపోయింది, తాగునీళ్లూ అయిపోయాయి. దూరంగా ఓడలు కనిపిస్తున్నాయి, చూసీ చూడనట్టు దాటిపోతున్నాయి. చివరికి ఆగింది యువాలీ అనే ఇజ్రాయెల్ సరకు ఓడ. అందరినీ పైకి చేర్చాక అసలు చిక్కు మొదలైంది. దారిలోని రేవులేవీ వాళ్లను దిగనివ్వలేదు. అప్పుడే ఇజ్రాయెల్ ప్రధాని అయిన మెనాహెం బెగిన్ తన తొలి నిర్ణయాల్లో ఒకటిగా వాళ్లకు ఆశ్రయం ఇచ్చాడు.

నడిసముద్రంలో చావుబతుకుల్లో ఉన్నవాళ్లను కాపాడాలన్నది ఓడవాళ్ల పాత కట్టుబాటు. 1910 నాటి బ్రస్సెల్స్ ఒప్పందం దాన్ని చట్టంగా మార్చింది. శత్రువైనా సరే కాపాడాల్సిందేనంది. కాపాడినవాళ్లను ఏ దేశం దించుకోవాలో మాత్రం చెప్పలేదు. ఆ వెలితి ఎన్ని ప్రాణాలు తీసిందో వియత్నాం పడవల చరిత్ర చూస్తే తెలుస్తుంది.

1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ కమ్యూనిస్టుల చేతికి చిక్కింది, జనం పారిపోసాగారు. 1978లో ప్రభుత్వం ప్రైవేటు వ్యాపారాలను స్వాధీనం చేసుకోవడంతో చైనా మూలాలున్న కుటుంబాలు కూడా పెద్దసంఖ్యలో సముద్రం దారి పట్టాయి. ఏటిలో తిరిగే పడవల్లో మోకాళ్లు గుండెకు ఆనించుకుని కూర్చుని బయల్దేరారు. తుపానులకు తోడు సముద్రపు దొంగలు. మలేసియాలోని బిడాంగ్ దీవి వైశాల్యం చదరపు కిలోమీటరు. 1979 మధ్య నాటికి అక్కడ 40 వేల మంది తలదాచుకున్నారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పడవల చెక్కలే గుడిసెలకు గోడలయ్యాయి. తాగునీరు బయటి నుంచి రావాలి, మనిషికింతని కొలిచి పోయాలి.

ఆగకుండా వెళ్లిపోయిన కెప్టెన్లను కసాయివాళ్లని తిట్టడం తేలిక. కానీ వాళ్ల లెక్క వేరు. నలభై మందిని ఎక్కించుకుంటే రేవు బయటే లంగరేసుకుని రోజుల తరబడి పడిగాపులు కాయాలి. ఓడ ఆగిన ప్రతి రోజూ యజమానికి నష్టం. ఆ లెక్కను మార్చింది 1979 జులైలో జెనీవాలో జరిగిన సమావేశం. 65 దేశాల ప్రభుత్వాలు హాజరయ్యాయి. ఓడలు కాపాడి తెచ్చినవాళ్లకు చోటిస్తామని కొన్ని దేశాలు పూచీ పడ్డాయి. ఆ పూచీ చూపిస్తే రేవులు దిగనిచ్చేవి. 1975 నుంచి 1990 వరకు ఓడలు సముద్రంలో కాపాడినవాళ్లు సుమారు 67 వేల మంది.

1979 వేసవిలోనే జర్మనీలో రూపర్ట్ నాయ్‌డెక్ అనే పాత్రికేయుడు, భార్య క్రిస్టెల్, రచయిత హైన్‌రిష్ బోల్‌తో కలిసి ఏకంగా ఓడనే అద్దెకు తీసుకున్నాడు. దాని పేరు కాప్ అనమూర్. నాయ్‌డెక్‌కు ఈ బాధ పరాయిది కాదు. 1945 జనవరిలో, ఐదేళ్ల వయసులో, తల్లితో డాన్‌జిగ్ వదిలి పారిపోయినవాడు. వాళ్లు ఎక్కాల్సిన విల్‌హెల్మ్ గుస్ట్‌లోఫ్ ఓడ వాళ్లకు అందకుండా వెళ్లిపోయింది. ఆ ఓడ టార్పెడో దెబ్బకు వేలమందితో మునిగిపోయింది. టీవీలో ఆయన చేసిన చిన్న విజ్ఞప్తికి కొద్దిరోజుల్లోనే పది లక్షల మార్కులకు పైగా విరాళాలొచ్చాయి. ఓడలోనే ఆసుపత్రి పెట్టారు. పదివేలమందికి పైగా ప్రాణాలు దక్కాయి.

2004 జూన్‌లో అదే పేరున్న మరో ఓడ మధ్యధరా సముద్రంలో 37 మంది ఆఫ్రికన్లను కాపాడింది. ఇటలీ రేవులోకి రానివ్వడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. అడుగుపెట్టగానే కెప్టెన్‌ను, ఓడను నడిపిన సంస్థ అధిపతిని అరెస్టు చేశారు. అక్రమ వలసకు సాయం చేశారన్నది నేరారోపణ. పూచీ పడే దేశం ఈసారి లేదు.

2009 సెప్టెంబరులో హాంబర్గ్ రేవు దగ్గర తొలి కాప్ అనమూర్ జ్ఞాపకంగా, జర్మనీకి కృతజ్ఞతగా వియత్నామీయులు శిలాఫలకం నిలబెట్టారు. మరుసటి నెలలో ఇటలీ కోర్టు రెండో ఓడవాళ్లను నిర్దోషులని తేల్చింది. వాళ్లు కాపాడిన 37 మందిలో చాలామందిని అప్పటికి ఐదేళ్ల ముందే వెనక్కి పంపేశారు.