ఆట ఎవరి కోసం? చూసేవాళ్ల కోసమా, ఆడే పిల్లల కోసమా?



మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఆరో తరగతి నుంచి హాస్టల్లోనే పెరిగాను. అక్కడ మేం రెండు రకాలుగా ఒళ్లు కదిపేవాళ్లం. పొద్దున్నే లైన్లో నిలబెట్టి విజిల్ మీద చేయించే డ్రిల్లు ఒకటి. ఎవరైనా పెద్దసార్లు వచ్చిన రోజు గజ్జెలు కట్టించి ఆడించే డ్యాన్సు ఇంకొకటి. సార్లు కారెక్కగానే గజ్జెలు బీరువాలోకి, మేం క్లాసులోకి. పిల్లలకు అసలు ఆట ఎందుకు నేర్పాలని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఈమధ్య ఒకాయన చరిత్ర చదివాక ఆ ప్రశ్న పట్టుకుంది. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఆయన పేరు రుడాల్ఫ్ లాబాన్. 1879లో ఇప్పటి స్లొవేకియాలోని బ్రాటిస్లావాలో పుట్టాడు. జర్మనీలో పేరున్న నాట్య గురువు అయ్యాడు. మనిషి కదలికలను కాగితం మీద రాసుకునే లిపి కూడా తయారుచేశాడు. హిట్లర్ వచ్చాక కొన్నేళ్లు ఆ ప్రభుత్వం కిందే పనిచేశాడు, అది దాచాల్సింది కాదు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ కోసం వెయ్యి మంది దాకా కలిసి ఆడే ప్రదర్శన సిద్ధం చేశాడు. రిహార్సల్ చూసిన మంత్రి గోబెల్స్‌కు అది నచ్చలేదు, ఆపేయించాడు. తర్వాత లాబాన్‌కు అక్కడ చోటు లేకుండా పోయింది. 1938లో ఇంగ్లండు చేరాడు.

ఇంగ్లండు బడుల్లో 19వ శతాబ్దం చివర్లో ఒళ్లు కదిపే పాఠమంటే మిలిటరీ పద్ధతి డ్రిల్లే. తర్వాత కొంత మెత్తబడినా, టీచరు చెప్పిన కసరత్తు అందరూ ఒకేలా చేయడమే ఎక్కువగా ఉండేది. లాబాన్ 1948లో బడి పిల్లల నాట్య విద్య మీద పుస్తకం రాశాడు. అందులో 16 పాఠ్యాంశాలు పెట్టాడు. మొట్టమొదటిది స్టెప్పులు కాదు, తన ఒంటిని తాను తెలుసుకోవడం. మోకాలు ఎటు పోతోంది, భుజం ఎలా తిరుగుతోంది, బరువు ఏ కాలి మీద ఉంది? ఆ తర్వాతే బలం, వేగం, చుట్టూ ఉన్న జాగా, పక్కవాడితో కలవడం. 1952లో ఇంగ్లండు విద్యాశాఖ ప్రాథమిక బడుల కోసం వేసిన పుస్తకంలోనూ డ్రిల్లు తగ్గి, పిల్లవాడు సొంతంగా కదలడానికి చోటు వచ్చింది.

దీంతో పిల్లలకు ఏం వస్తుంది? కళ్లు మూసుకుని మీ ముక్కు ముట్టుకోండి. చెయ్యి దారి తప్పదు. కండరాలు, కీళ్లు తామెక్కడున్నాయో మెదడుకు చెబుతూనే ఉంటాయి. దీన్ని ప్రొప్రియోసెప్షన్ అంటారు. గెంతడం, తిరగడం, ఒంటికాలి మీద ఆగడం వల్ల ఆ తెలివికి సాధన దొరుకుతుంది, నిలకడ కుదురుతుంది. దెబ్బ ఆగినప్పుడు ఆగాలంటే చెవి పెట్టి వినాలి, తొందరను అణచుకోవాలి. అదే శ్రద్ధ. భయమేస్తే గుండె ఎలా కొట్టుకుంటుందో, ఊపిరి ఎలా మారుతుందో గమనించడం నేర్చిన పిల్లవాడికి తన మనసు కూడా కొంత తెలుస్తుంది.

ఇది చదువుతుంటే నాకు మా ఊరి దండారి గుర్తొచ్చింది. చిన్నప్పుడు వరుస చివర నిలబడ్డాను. ఎడమ కాలు, కుడి కాలు అని ఎవరూ చెప్పలేదు. ముందున్న కాక మడమ చూస్తూ, డప్పు వింటూ నేర్చుకున్నా. తప్పు అడుగు వేస్తే పక్కవాడికి తగులుతుంది, అంతే, మనమే సర్దుకుంటాం. మార్కుల్లేవు, నవ్వినా కోపం లేదు. పుస్తకం రాయకుండానే మన పెద్దలు ఆ పాఠం చెప్పారు.

మన మార్లవాయిలో 1943లో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. గోండీలో వాచకాలు వచ్చాయి. అంటే మన భాష బడి లోపలికి వెళ్లింది. అదే మార్లవాయికి చెందిన గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన వెళ్లిపోయారు. మన ఆటకు గౌరవం వచ్చింది, మంచిదే. కానీ చాలా హాస్టళ్లలో ఆట ఇంకా అతిథుల కోసమే.

గుస్సాడీ వేషం రోజూ బడిలో వేయించమని నేను అనడం లేదు. అది నియమాలున్న వేషం, దాని కాలం దానిది. నేను అడిగేది వారానికి రెండు సాయంత్రాలు, ఒక డప్పు, ఒక వలయం. ఫొటో వద్దు, స్టేజీ వద్దు. కోయ, గోండు, కొలాం, ఎవరి ఆట వాళ్లది, ఆడపిల్లలు, మగపిల్లలు అందరూ.

చూసేవాళ్లకు నచ్చలేదని ఆపేస్తే ఆగిపోయేది ప్రదర్శన. పిల్లల ఒంట్లోకి దిగిన ఆటను ఎవరూ ఆపలేరు. దసరా సెలవులకు ఊరెళ్లినప్పుడు మీ తమ్ముణ్ని, చెల్లిని వరుస చివర నిలబెట్టండి. మీ హాస్టల్లో ఎలా జరుగుతోందో కింద రాయండి.

జై సేవా.