అనంతపురం కరువు సీమలో పసి మెదడు ఎదుగుదల

అనంతపురం పీఠభూమిలో పిల్లల మనోవికాసం గురించి రాయాలంటే వానతో మొదలుపెట్టక తప్పదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే కురిసిపోతాయి, ఈశాన్య వానలు ఇంత లోపలికి బలంగా రావు. ఏడాదికి పడేది సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ. శనక్కాయ పంట ఎండితే ఇంట్లో తిండి తగ్గుతుంది, ఆ లోటు మెదడు దాకా పోతుంది. విశ్రాంతిలో ఉన్న పెద్దవాళ్ల శరీరం ఖర్చుపెట్టే శక్తిలో మెదడు వాటా అయిదో వంతు. అయిదేళ్ల ప్రాయంలో అది సగం దాటుతుంది. పుట్టినప్పుడు పెద్దవాళ్ల మెదడులో నాలుగో వంతు బరువుండేది రెండేళ్లు నిండేసరికి దాదాపు ముప్పాతికకు చేరుతుంది. ఈ వేగం చూసే, తొలి వెయ్యి రోజుల్లో జరిగిన నష్టం ఇక తీరదనే మాట స్థిరపడింది. తెలుగునాట పోగైన ఆధారాలు ఆ మాటను సగమే బలపరుస్తాయి.

పాత కరువుల లెక్కల్లో మనసుకు చోటే లేదు. 1876–78 నాటి ధాత కరువులో ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. 1882లో గానీ అనంతపురం వేరు జిల్లా కాలేదు. కరువు పనుల్లో కూలీకి రోజుకు ఒక పౌను గింజలు, పైన కాసింత డబ్బు చాలని ప్రభుత్వం కరువు ప్రతినిధిగా పంపిన రిచర్డ్ టెంపుల్ అంటే, చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించాడు. ఇద్దరూ తూచింది ఒంటినే. మెదడు సంగతిని తెలుగు నేల మీద మొదట గట్టిగా అడిగింది కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ. పసితనంలో తిండి లోపంతో క్వాషియార్కర్ జబ్బు వచ్చి, చికిత్సతో బయటపడిన పిల్లలను అక్కడి పరిశోధకులు చంపకం, శ్రీకంఠయ్య, గోపాలన్ బడి వయసులో పరీక్షించి, 1968లో ఫలితాలు ప్రచురించారు. అవే పరిస్థితుల్లో పెరిగిన తోటి పిల్లలకంటే వీళ్లు వెనకబడ్డారన్నదే అందరికీ గుర్తుండిపోయింది. ఆ తేడా ఎనిమిది, తొమ్మిదేళ్ల వాళ్లలో ఎక్కువగా, పది, పదకొండేళ్ల వాళ్లలో తక్కువగా కనిపించిందన్న సంగతి మరుగున పడింది. నా దృష్టిలో ఆ వ్యాసంలో అసలు విషయం అదే.

పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించి చూసే పని 2002లో మొదలైంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే యంగ్ లైవ్స్ అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుంది. రాయలసీమ నుంచి అనంతపురం, కడప అందులో చేరాయి. అధ్యయనంలోని రెండు జట్లలో చిన్న వయసు జట్టుకు చెందిన ఇక్కడి పిల్లలు సుమారు 2,000 మంది 2001–02లో పుట్టారు, అంటే 2002 నాటి పెద్ద కరువు వాళ్లకు ఊహ తెలియకముందే తగిలింది. నాలుగు దేశాల పిల్లలనూ కలిపి చూస్తే, ఏడాది వయసులో గిడసబారి ఎనిమిదేళ్లకు కోలుకున్నవాళ్లు చదువులో, లెక్కల్లో, పదజాలంలో కోలుకోనివాళ్లను మించారు. అసలు గిడసబారనివాళ్ల సరసన మాత్రం నిలవలేకపోయారు. ఎత్తు ఎదిగిన పిల్లల్లో తమ మీద తమకు నమ్మకం, ముందుముందు ఏదో కావాలన్న ఆశ కూడా కాస్త ఎక్కువేనని ఆ అధ్యయనపు వివరాలతోనే పరిశోధకులు డెర్కన్, శాంచెజ్ చూపారు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. గిడసబారిన బిడ్డ పేదింటి బిడ్డే కదా, మార్కులు తగ్గించింది తిండి లోటని ఎలా చెప్పగలం? పుస్తకం లేని ఇల్లు, చదువు రాని తల్లి కారణం కావచ్చు. అయితే వానను ఏ కుటుంబమూ ఎంచుకోదు. కాబట్టి కరువు తగిలిన పిల్లలను తగలనివాళ్లతో పోల్చవచ్చు. పరిశోధకులు అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కన్ ఆ దారినే పట్టారు. బడుల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఇచ్చిన ఆదేశం తర్వాత, 2003లో రాష్ట్రంలోని బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. పసితనంలో కరువు తగిలిన పిల్లలు బడిలో ఆ అన్నం తిన్నాక ఒంటి లోటును చాలావరకు పూడ్చుకున్నారని 2014లో వాళ్లు తేల్చారు. ఇది ఒంటి లెక్కే, మెదడుది కాదనవచ్చు, నిజమే. కానీ ఒళ్లు కోలుకోవడం, చదువు కోలుకోవడం కలిసి నడుస్తున్నాయని ముందే చూశాం. రెండో అభ్యంతరం పరీక్షల మీద. అమెరికాలో తయారైన బొమ్మల పదపరీక్ష సీమ పల్లె బిడ్డ తెలివిని ఏం కొలుస్తుంది? వేర్వేరు భాషల మార్కులను పోల్చవద్దని యంగ్ లైవ్స్ పరిశోధకులే హెచ్చరించారు. ఒకే ఊళ్లో, ఒకే యాస మాట్లాడే పిల్లల మధ్య తేడాలకు మాత్రం ఈ అభ్యంతరం అంతగా తగలదు.

బడి అన్నం బడికి వచ్చేవాళ్లకే అందుతుంది. తల్లిదండ్రుల వెంట బెంగళూరు వలసపోయిన బిడ్డకు ఊరి బడిలో వండిన అన్నం దక్కదు. ఊళ్లోనే పని దొరికితే ఆ వలస అవసరం తగ్గుతుంది. అందుకే 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ, జనం నోట ‘కరువు పని’, మనోవికాస చరిత్రలోకీ వస్తుంది. యంగ్ లైవ్స్ వివరాలతోనే జరిగిన మరో పరిశీలన ప్రకారం ఆ పని కొత్తగా తగిలిన కరువు దెబ్బను తగ్గించింది, ఏళ్ల కిందటి లోటును మాత్రం పూడ్చలేదు.