మోకాలి కీలు మార్పిడి: సన్నద్ధత, కోలుకోవడం (కణేకల్ ప్రాంతం)

మోకాలి కీలు మార్పిడి అంటే మోకాలిని మొత్తంగా తీసేసి కొత్తది పెట్టడం కాదు. తొడ ఎముక చివరన, కాలి ఎముక పైభాగాన అరిగిన పొరను కొన్ని మిల్లీమీటర్ల మందాన కోసి, లోహపు తొడుగులు అమర్చి, మధ్యలో పాలిఇథిలిన్ పలక పెడతారు. మోకాలిని కదిలించే కండరాలు, పట్టి ఉంచే లిగమెంట్లు, కప్పి ఉంచే చర్మం పాతవే. అయినా ఈ చికిత్స చరిత్రను ఎక్కువమంది లోహాల చరిత్రగానే రాస్తారు: ఏ ఏడాది ఏ నమూనా వచ్చింది, ఎవరు కనిపెట్టారు, ఎన్నేళ్ళు మన్నింది. ఆ చరిత్ర నిజమే గాని సగమే. శస్త్రచికిత్సకు ముందు రోగిని సిద్ధం చేయడం, తర్వాత కాలును మళ్ళీ పనిలోకి తేవడం అనే రెండు పనులే మొదటి నుంచీ ఫలితాన్ని తేల్చాయి. అనంతపురం జిల్లా పడమటి అంచున, వేదవతి (హగరి) ఒడ్డున, బళ్ళారికి చేరువలో ఉన్న కణేకల్ లాంటి చోట లోహం దొరకడం ఇప్పుడు అంత కష్టం కాదు. ముందూ వెనకల ఏర్పాట్లే దొరకవు.

మొదటి ప్రయత్నమే ఈ మాటకు సాక్ష్యం. 1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లుక్ ఏనుగు దంతంతో చేసిన మడతబందు లాంటి కీలును మోకాళ్ళలో అమర్చాడు. కీలు కదిలింది, రోగులకు కొంతకాలం ఉపశమనమూ దొరికింది. కానీ ఆ మోకాళ్ళు క్షయతో పాడైనవి. లోపల ఇన్ఫెక్షన్ ఉండగా ఏ కీలు పెట్టినా నిలవదని గ్లుక్‌కే అర్థమైంది. అక్కడ ఓడిపోయింది దంతం కాదు, రోగి ఎంపిక. 1951లో స్వీడన్‌లో వాల్డియస్ రూపొందించిన కీలు కూడా మడతబందే; మోకాలు ఒకే ఇరుసు మీద తిరగదు గనుక అలాంటివి వదులైపోయేవి. ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ 1960లలో తుంటి కీలుకు ఎముక సిమెంటును, పాలిఇథిలిన్‌ను స్థిరపరిచాడు. ఆయన చేసిన మరో పనిని మాత్రం తక్కువ చేసి చెబుతారు. ఆపరేషన్ గదిలో వడగట్టిన గాలి ఆడేలా ప్రత్యేక గూడు కట్టించి, ఇతర జాగ్రత్తలూ చేర్చి, ఇన్ఫెక్షన్లను దాదాపు 7 శాతం నుంచి 1 శాతం లోపుకు దించాడు. అదే ఆసుపత్రిలో కెనడా వైద్యుడు ఫ్రాంక్ గన్‌స్టన్ 1968లో మడతబందును వదిలేసి, ఎముకల సహజ కదలికను అనుసరించే మోకాలి కీలును చేశాడు. 1970ల తొలి సంవత్సరాల్లో న్యూయార్క్‌లో జాన్ ఇన్సాల్, భారతదేశంలో పుట్టిన చిత్రంజన్ రణావత్, ఇంజినీరు పీటర్ వాకర్ కలిసి రూపొందించిన ‘టోటల్ కాండిలర్’ నేటి కీళ్ళకు మూలరూపం. 2019లో ‘లాన్సెట్’ ప్రచురించిన విశ్లేషణ ప్రకారం పూర్తి మోకాలి మార్పిడుల్లో సుమారు 82 శాతం 25 ఏళ్ళు నిలుస్తున్నాయి. లోహం సమస్య చాలావరకు తీరిందని దీని అర్థం.

కోలుకోవడం చరిత్ర ఇంత సూటిగా సాగలేదు. ఒకప్పుడు ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి మంచం మీదే ఉంచేవారు. ఫలితంగా కాలు బిగుసుకుపోయేది, సిరల్లో రక్తం గడ్డకట్టేది. టొరంటో శస్త్రవైద్యుడు రాబర్ట్ సాల్టర్ కీళ్ళు కదులుతుంటేనే మానుతాయని ప్రయోగాలతో చూపాడు. ఆ ఆలోచన నుంచి, కాలును దానంతట అదే వంచి చాచే యంత్రం పుట్టి పెద్ద ఆసుపత్రుల హోదా చిహ్నమైపోయింది. తీరా 2014 నాటి కాక్రేన్ సమీక్ష ఆ యంత్రం వల్ల మోకాలి మార్పిడి రోగులకు చెప్పుకోదగ్గ మేలు లేదని తేల్చింది. నిజమైన మార్పు 1990లలో డెన్మార్క్ వైద్యుడు హెన్రిక్ కేలెట్ తెచ్చిన పద్ధతితో వచ్చింది: రోగికి ముందుగా అంతా వివరించడం, నొప్పిని రకరకాల మందులతో అదుపులో పెట్టడం, త్వరగా నిలబెట్టి నడిపించడం. ఇందులో ఖరీదైన పరికరం ఒక్కటీ లేదు. మనిషి వచ్చి నేర్పాలి, రోగి చేయాలి, అంతే.

తెలుగునాట ఈ చికిత్స బీదల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. హైదరాబాద్ నిమ్స్ 1960లలో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలైంది. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ రాయలసీమ ఎముకల రోగులకు పెద్ద దిక్కయింది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతో పాటు అనంతపురం ఉంది. అయితే ఆ తొలి రూపంలో తుంటి, మోకాలి మార్పిడులను ఖరీదైన చికిత్సలంటూ మినహాయించారు. గుండెకు ఆరోగ్యశ్రీ కార్డు పనికొచ్చింది, మోకాలికి రాలేదు. 2017 ఆగస్టు 16న జాతీయ ఔషధ ధరల సంస్థ మోకాలి కీళ్ళకు గరిష్ఠ ధర కట్టింది: అప్పటిదాకా సగటున లక్షన్నర పైన పలికిన కోబాల్ట్-క్రోమియం కీలు 54,720 రూపాయలకు దిగింది, ఎక్కువ వంగుతుందని చెప్పే ‘హై ఫ్లెక్స్’ రకానికి 56,490. మేలైన నిర్ణయమే. కానీ ధర కట్టింది కీలుకే. ఇంట్లో మార్చాల్సిన మరుగుదొడ్డికి, ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళొచ్చే బస్సు చార్జీకి, పోగొట్టుకున్న కూలికి ఎవరూ ధర కట్టలేదు.

కణేకల్ నేల ఈ విషయాన్ని ఇంకా పదునుగా చూపిస్తుంది. తుంగభద్ర ఎగువ కాలువ నీరు చేరే కణేకల్ చెరువు కింద వరి మడులు. దాటితే వేరుశనగ చేలు, హగరి ఇసుక మేటలు. నాట్లు నడుము వంచి వేస్తే, కలుపు గొంతుక్కూర్చుని తీస్తారు. బుడ్డలు ఒలిచేదీ నేల మీద కూర్చునే. యవ్వనంలో ఎక్కువసేపు గొంతుక్కూర్చునే అలవాటుకీ ముసలితనంలో మోకాళ్ళ అరుగుదలకీ సంబంధం ఉందని బీజింగ్‌లో జరిగిన పెద్ద అధ్యయనం చూపింది. దీనికి నీరు తోడవుతుంది. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు చెడడాన్ని దేశంలో తొలిసారి 1937లో నాటి నెల్లూరు జిల్లాలో నమోదు చేశారు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్లగొండ ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి ఒరిగి పాదాలు ఎడమయ్యే వంకరను వర్ణించారు. అనంతపురం భూగర్భజలాల్లోనూ ఫ్లోరైడ్ పాత సమస్యే; సత్యసాయి తాగునీటి పథకం 1990లలో ఏడు వందలకు పైగా పల్లెలకు నీళ్ళిచ్చినా, అంతకుముందు బోరు నీళ్ళు తాగి పెరిగిన ఎముకలు మారవు. కాబట్టి ఇక్కడి మోకాళ్ళ నొప్పి ప్రతిదీ ‘గుజ్జు అరగడం’ కాకపోవచ్చు. అనుమానం ఉంటే ముంజేతి ఎక్స్‌రే తీయాలి: రెండు ఎముకల నడుమ ఉండే పొర గట్టిపడి కనిపిస్తే ఫ్లోరోసిస్. అప్పుడు ఎముక దట్టంగా, పెళుసుగా ఉంటుందని శస్త్రవైద్యుడికి ముందే తెలుస్తుంది.

సన్నద్ధత నిజానికి నెలల ముందు మొదలు కావాలి. చక్కెర వ్యాధి ఉంటే మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ అదుపులోకి రావాలి. ఎనిమిది దాటితే చాలామంది వైద్యులు వాయిదా వేస్తారు. ఆడవాళ్ళలో రక్తహీనత ఎక్కువ గనుక హిమోగ్లోబిన్ పెంచుకోవాలి. పుచ్చిన పన్ను, మూత్రంలో మంట, కాలి మీద పుండు ఏవీ మిగలకూడదు. రక్తం ద్వారా అవి కొత్త కీలుకు చేరతాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీలు నొప్పికి మోకాలిలోకి వేసే స్టెరాయిడ్ సూది విషయం డాక్టరుకు దాచకుండా చెప్పాలి. సూది పడ్డ మూడు నెలల లోపు ఆపరేషన్ చేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. వీటన్నిటితో పాటు తొడ ముందు కండరాన్ని బిగించి, పదిదాకా లెక్కపెట్టి వదిలే వ్యాయామాన్ని ఆపరేషన్‌కు ముందే నేర్చుకోవాలి. తర్వాత నొప్పిలో ఉన్న మనిషికి కొత్తగా నేర్పడం కష్టం. ఇల్లు కూడా సిద్ధం కావాలి: కాళ్ళకు చుట్టుకునే చాపలు తీసేయాలి, చేతులున్న ఎత్తైన కుర్చీ తేవాలి. స్వచ్ఛభారత్ కింద 12,000 రూపాయల ప్రోత్సాహంతో పల్లెల్లో కట్టిన మరుగుదొడ్లలో చాలావాటికి గొంతుక్కూర్చునే బేసిన్లే ఉన్నాయి. వాటి మీద పెట్టే కమోడ్ కుర్చీ ఆపరేషన్ కన్నా ముందే ఇంటికి రావాలి.

ఆపరేషన్ అయిన రోజో మర్నాడో వాకర్‌తో నిలబెడతారు. తర్వాత చేయాల్సింది చూడటానికి చిన్నది, చేయడానికి పెద్దది. మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి మోకాలిని పూర్తిగా చాచాలి. మంచం మీద మడమను వెనక్కి జారుస్తూ వంచాలి. ఇంటివాళ్ళు జాలిపడి మోకాలి కింద దిండు పెడతారు. అదే పెద్ద పొరపాటు: సుఖంగా ఉంటుంది గాని కాలు వంగిన చోటే బిగుసుకుని, పూర్తిగా చాచలేని కుంటితనం మిగులుతుంది. రెండు వారాలకు కుట్లు తీస్తారు. ఆ నాటికి 90 డిగ్రీల దాకా వంగితే దారిలో ఉన్నట్టే. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. పిక్కలో వాపుతో కొత్త నొప్పి, గాయం నుంచి రసి, తగ్గని జ్వరం వస్తే ఊళ్ళో సూది వేయించుకుని ఊరుకోకుండా ఆసుపత్రికి పోవాలి. వాపు, వేడి కొన్ని నెలలు ఉండొచ్చు. పూర్తి ఫలితం తేలడానికి ఏడాది పడుతుంది.

సన్నద్ధత, కోలుకోవడమే ఫలితాన్ని తేలుస్తాయన్న మాట మీద మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. మంచి శస్త్రవైద్యుడు, మంచి కీలు, ఇప్పుడైతే రోబో ఉంటే మిగతావన్నీ చిల్లర విషయాలేనన్నది మొదటిది. శస్త్రవైద్యుడి నైపుణ్యం ముఖ్యమే, కాదనలేం. కానీ కీళ్ళు ఇంత మన్నుతున్న కాలంలోనూ రోగుల్లో సుమారు ఐదో వంతు మంది తృప్తి చెందడం లేదని పదేపదే తేలింది; నేల మీద కూర్చోవాలన్న ఆశతో వచ్చినవాళ్ళకు కీలు 110-120 డిగ్రీలే వంగుతుందని ముందు చెప్పకపోతే ఆ అసంతృప్తి ఇంకా పెరుగుతుంది. రెండోది అసలు ఆపరేషనే వద్దు, వ్యాయామం చాలన్నది. 2015లో డెన్మార్క్‌లో వంద మందిపై జరిగిన ప్రయోగం దీనికి సూటి జవాబు: ఆపరేషన్ చేసినవాళ్ళకు నొప్పి ఎక్కువ తగ్గింది, తీవ్రమైన చిక్కులూ ఎక్కువ వచ్చాయి, వ్యాయామం, బరువు తగ్గడం లాంటి ఆపరేషన్ లేని చికిత్స మాత్రమే పొందినవాళ్ళలో నాలుగో వంతు మందే ఏడాదిలో ఆపరేషన్‌కు వచ్చారు. అంటే సన్నద్ధత వ్యాయామం కొందరికి ఆపరేషన్‌నే తప్పిస్తుంది, మిగతావారికి దాన్ని సులువు చేస్తుంది. ఎటు చూసినా వృథా కాదు. మూడోది పల్లెకు చాలా దగ్గరిది: ఫిజియోథెరపీ కేంద్రం లేని చోట ఇదంతా ఎలా సాధ్యమని. 2017లో ఆస్ట్రేలియాలో జరిగిన ప్రయోగంలో ఆసుపత్రిలో ఉంచి చేయించిన పునరావాసం, ఇంటి నుంచి పర్యవేక్షణతో చేసినదాని కన్నా మెరుగ్గా తేలలేదు. కావాల్సింది భవనం కాదు, చేయిస్తూ తప్పు దిద్దే మనిషి. ‘పొలం పనే వ్యాయామం’ అన్న మాట మాత్రం నిలవదు. పొలం పనిలో కాలు వంగుతుంది గాని నిండుగా చాచుకోదు, తొడ కండరం విడిగా బలపడదు.

ఆపరేషన్ అనంతపురంలోనో బళ్ళారిలోనో జరిగినా, తర్వాతి ఆరు వారాల పనిని కణేకల్‌లోనే నిలబెట్టొచ్చు. ఇక్కడ గ్రామీణాభివృద్ధి ట్రస్టు (ఆర్‌డీటీ) ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ వైద్యమూ ఉంది. కుట్లు చూడటం, వంపును కొలవడం, వ్యాయామాన్ని సరిచేయడం కోసం ముసలి మనిషిని నగరం దాకా బస్సెక్కించడం అనవసరం. కూలి నష్టాన్ని రాష్ట్రం ఒకసారి గుర్తించింది: 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో, ఎంపిక చేసిన శస్త్రచికిత్సల తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000కు మించకుండా ఇవ్వడం మొదలైంది. ఇక తేదీ విషయం. డాక్టరు ఖాళీని బట్టి కాకుండా సాగు పనిని బట్టి దాన్ని అడగడంలో తప్పు లేదు. సంక్రాంతి దాటాక ఆపరేషన్ అయితే ఏరువాకకు నాలుగైదు నెలలు దొరుకుతాయి, చేను పనికి పోయే కొడుకూ కోడలూ మొదటి వారాల్లో ఇంటి పట్టున ఉంటారు. కాలువకు నీళ్ళొదిలి నాట్లు ముమ్మరమయ్యే రోజుల్లో పెట్టుకుంటే, వాకర్ పక్కన నిలబడే మనిషే ఉండడు.