మూసలో పడకుండా మిగిలిన నాణేలు

1822లో ఫిలడెల్ఫియా టంకశాల 17,796 అయిదు డాలర్ల బంగారు నాణేలు ముద్రించినట్టు దాని లెక్కలు చెబుతాయి. ఆ సంవత్సరం అచ్చుపడినవి ఇవాళ మూడే మూడు కనిపిస్తున్నాయి. రెండు స్మిత్‌సోనియన్ సంస్థ దగ్గర ఉన్నాయి. మూడోది 2021 మార్చిలో వేలంలో 84 లక్షల డాలర్లు పలికింది. ఆ ధర విని నోరు వెళ్లబెట్టేవాళ్లే ఎక్కువ. నన్ను మాత్రం మిగతావాటి గతి ఏమైందన్న ప్రశ్నే పట్టుకుంది.

మాది బంగారం పనివాళ్ల ఇల్లు. నాన్న ఆకురాయి పట్టారంటే, రాలిన రజను ఒక్క నలుసు కూడా పోకుండా కింద గుడ్డ పరిచేవారు. అందుకే తొలినాటి అమెరికా నాణేన్ని భూతద్దం కింద పెడితే, దాని మీది లిబర్టీ దేవత ముఖం కన్నా ముందు నా చూపు సన్నటి ఆకురాయి గీతల మీద పడుతుంది. ముద్ర వేయకముందే ప్రతి బిళ్లనూ తూచేవారు. బరువు ఎక్కువైతే రాసి తగ్గించేవారు, తక్కువైతే తిరిగి మూసలో వేసేవారు. 1795లో ఈ పనికి సారా వాల్‌డ్రేక్, రేచల్ సమ్మర్స్ అనే ఇద్దరు స్త్రీలను పెట్టుకున్నారు. అచ్చు చెక్కిన రాబర్ట్ స్కాట్ పేరు చెప్పేవాళ్లు ఈ ఇద్దరినీ తలుచుకోరు. నాకది అన్యాయంగానే తోస్తుంది.

టంకశాల చట్టం 1792లోనే వచ్చినా మొదటి బంగారు నాణేలకు మూడేళ్లు ఆగాల్సి వచ్చింది. వెండి బంగారాలు ముట్టుకోవాలంటే ముఖ్య నాణేకారుడూ, వన్నె చూసే అధికారీ చెరో 10,000 డాలర్ల పూచీ ఇవ్వాలన్నారు. వాళ్ల జీతమేమో ఏడాదికి 1,500. 1794లో కాంగ్రెస్ ఆ పూచీని తగ్గించాకే పని కదిలింది. 1795 జూలై 31న మొదటి విడతగా 744 అయిదు డాలర్ల నాణేలు బయటికొచ్చాయి. వాటి మీద విలువ రాసి లేదు. బరువూ వన్నే వాటి విలువ. అయిదు డాలర్ల నాణెం మీద అంకె కనబడింది 1807లోనే.

ఆ బరువే వాటికి ముప్పు తెచ్చింది. చట్టం ఒక పాలు బంగారానికి పదిహేను పాళ్ల వెండి అని కట్టింది. ఐరోపాలో బంగారానికి అంతకన్నా ఎక్కువ వెండి వచ్చేది. వర్తకులు ఊరుకుంటారా? నాణేలు ఓడలెక్కి వెళ్లి అక్కడ కరిగిపోయాయి. 1804 తర్వాత పది డాలర్ల నాణెం ముద్రించడమే మానేశారు, మళ్లీ మొదలుపెట్టింది 1838లో. 1834 చట్టం కొత్త నాణెం బరువు తగ్గించడంతో పాత అయిదు డాలర్ల బిళ్లలో 5 డాలర్ల 33 సెంట్ల బంగారం తేలింది. ఇక ఇంట్లో దాచుకున్నవాళ్లు కూడా తెచ్చి కరగబోశారు.

మిగిలినవి ఎవరో ఒకరు చెయ్యి అడ్డం పెట్టబట్టి మిగిలాయి. టంకశాలలో పనిచేసిన ఆడమ్ ఎక్‌ఫెల్ట్ అలాంటివాడు. న్యూయార్క్ స్వర్ణకారుడు ఎఫ్రాయిమ్ బ్రాషర్ 1787లో తన పొడి అక్షరాల ముద్రతో చేసిన డబ్లూన్ ఒకటి 1838లో కరిగించే బంగారంలో కలిసి వస్తే, ఎక్‌ఫెల్ట్ దాన్ని తీసి పక్కన పెట్టాడు. ఇప్పుడది స్మిత్‌సోనియన్‌లో ఉంది. 1933లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రజల దగ్గరున్న బంగారాన్ని అప్పగించమన్నప్పుడు కూడా సేకర్తల అరుదైన నాణేలకు మినహాయింపు ఇచ్చాడు. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఇంకెన్ని పోయేవో!

ఆకురాయి గీతలున్నాయని ఈ నాణేలకు ధర తగ్గించేవాళ్లున్నారు. నా దృష్టిలో ఆ గీతలు దెబ్బలు కావు, తూకం సరిచూసిన చేతుల సంతకాలు. మీ ఇంట్లోనూ, ఏ దేశానిదైనా సరే, పాత బంగారు నాణెం ఉంటే మెరుపు కోసం తోమకండి. కొత్త నగకని కరగబెట్టడానికి ఇచ్చేముందు దాని మీద సంవత్సరం చదవండి, తెలిసినవాళ్లకు ఒకసారి చూపించండి.