రాయదుర్గ్ ఒకటి కాదు, మూడు

ఖాన్‌దాన్ శజ్రా రాసుకోవాలని కూర్చునే వాళ్లు ఈమధ్య మనలో పెరిగారు. దాదా పేరు, పర్‌దాదా పేరు ఎవరో ఒక బుజుర్గ్ చెబుతారు. కానీ "ఏ ఊరు, ఏ జిల్లా?" అనే సవాల్ దగ్గర చాలామంది ఆగిపోతారు. హైటెక్ సిటీ చుట్టుపక్కల పాత ఊళ్లలో పుట్టినవాళ్లకు ఇది ఇంకా పెద్ద ముష్కిల్. ఊరు కదల్లేదు, ఇల్లు కదల్లేదు. పైన ఉన్న తాలూకా, జిల్లా, మండలం మాత్రం మారుతూనే వచ్చాయి.

మా ఇంటి కాగితాలే మిసాల్‌గా తీసుకుందాం. మాది రాయదుర్గ్. దాదా నికా సియాహా నకలులో జిల్లా అత్రాఫ్-ఎ-బల్దా. అబ్బా స్కూలు సర్టిఫికెట్‌లో హైదరాబాద్ వెస్ట్ తాలూకా, హైదరాబాద్ జిల్లా. 1980లో పుట్టిన నాకు రాజేంద్రనగర్ తాలూకా, రంగారెడ్డి జిల్లా. 1986లో పుట్టిన తమ్ముడికి శేరిలింగంపల్లి మండలం. మా పిల్లల బర్త్ సర్టిఫికెట్ల మీద జీహెచ్‌ఎంసీ. ఐదు కాగితాలు, ఐదు చిరునామాలు, ఇల్లు ఒక్కటే. ఎవరైనా పరాయివాడు వీటిని వరసగా చూస్తే, ఈ కుటుంబం ఎక్కడా నిలకడగా ఉండలేదనుకుంటాడు. అసల్ సంగతి దానికి పూర్తిగా ఉల్టా.

ముందు ఈ మార్పుల వరస ముఖ్తసర్‌గా చూద్దాం. ఆసఫ్‌జాహీ రియాసత్‌లో బల్దా అంటే హైదరాబాద్ షహర్. దాని చుట్టూ ఉన్న జిల్లా అత్రాఫ్-ఎ-బల్దా. అందులో ఎక్కువ భాగం నిజాం సొంత ఆస్తి, అంటే సర్ఫ్-ఎ-ఖాస్. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత 1949 ఫిబ్రవరిలో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో కలిసింది. అత్రాఫ్-ఎ-బల్దా, బాగాత్ కలిసి హైదరాబాద్ జిల్లా అయ్యాయి. 1978 ఆగస్టు 15న షహర్ ఒక జిల్లాగా, చుట్టూ ఉన్న గ్రామాలు ఇంకో జిల్లాగా విడిపోయాయి. ఆ రెండోదే తర్వాత కె.వి. రంగారెడ్డి పేరు పెట్టుకుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. 2001లో సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ వచ్చింది, 2008లో అది హెచ్‌ఎండీఏలో కలిసిపోయింది. 2007 ఏప్రిల్ 16న శేరిలింగంపల్లితో సహా 12 మున్సిపాలిటీలు బల్దియాతో కలిసి జీహెచ్‌ఎంసీ అయింది. 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయినప్పుడు శేరిలింగంపల్లి రంగారెడ్డిలోనే ఉండిపోయింది, పక్కనున్న కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాకు పోయింది. ఒక దాదా మనవళ్లు అటు హైదర్‌నగర్‌లో, ఇటు హఫీజ్‌పేటలో ఉంటే ఇవాళ వాళ్లది రెండు వేర్వేరు జిల్లాలు.

ఇన్ని మార్పుల్లో మారకుండా నిలిచింది ఒకటుంది. అది మౌజా, అంటే రెవెన్యూ గ్రామం. దాని పేరు చివర ఉన్న చిన్న మాట ఇంకా ముఖ్యం. రెవెన్యూ రికార్డులో రాయదుర్గ్ ఒకటి కాదు, మూడు: రాయదుర్గ్ పాయిగా, రాయదుర్గ్ నవ్ ఖాల్సా, రాయదుర్గ్ పాన్‌మక్తా. మణికొండ కూడా అంతే: మణికొండ జాగీర్, మణికొండ ఖాల్సా. ఈ మాటలు అలంకారం కోసం పెట్టినవి కావు. మన బుజుర్గులు పన్ను ఎవరికి కట్టారో, వాళ్ల పేరు ఏ దఫ్తర్‌లో రాశారో చెప్పే నిషానీలు అవి.

పాయిగా అంటే నిజాం ఖాన్‌దాన్‌తో రిష్తేదారీ ఉన్న అమీర్లకు ఫౌజ్ ఖర్చు కింద ఇచ్చిన ఇలాఖా. ఆస్మాన్ జాహీ, ఖుర్షీద్ జాహీ, వికారుల్ ఉమ్రాహీ అని మూడు పాయిగాలు ఉండేవి. వాళ్లకు సొంత మాల్ దఫ్తర్లు, సొంత అదాలత్‌లు ఉండేవి. ఖాల్సా అంటే నేరుగా సర్కార్ కింద ఉన్న భూమి. నవ్ ఖాల్సా అంటే, మాట అర్థం ప్రకారం, కొత్తగా ఖాల్సాలోకి వచ్చినది. మక్తా అంటే ఖాయం చేసిన రకానికి ఒకరి చేతికి ఇచ్చిన గ్రామం. జాగీర్ సంగతి అందరికీ తెలిసిందే. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు చట్టం వచ్చినప్పుడు పాయిగా, సంస్థానం, మక్తా, అగ్రహారం అన్నిటినీ "జాగీర్" అనే మాటలోనే కలిపేసింది. అంటే ఆ తేదీకి ముందు, ఒకే పేరున్న పక్కపక్క ఊళ్ల రికార్డులు వేర్వేరు హుకూమత్‌ల చేతుల్లో ఉండేవి. నవ్ ఖాల్సా కాగితాల్లో దాదా పేరు దొరకకపోతే దాదా అక్కడ లేడని కాదు. పొలం కట్టకు అవతల, పాయిగా కిందున్న భూమిలో ఉండి ఉండవచ్చు.

అందుకే వెతికేవాళ్లు ముందు మౌజా పూరా పేరు పట్టుకోవాలి, తర్వాత సర్వే నంబరు. అక్కడి నుంచి దారులు తెరుచుకుంటాయి. సేత్వార్ మొదటి సర్వే బందోబస్తు రికార్డు. 1954-55 ఖస్రా పహాణీలో పట్టాదారు పేరుతో పాటు భూమి ఎవరి కబ్జాలో ఉందో కూడా రాశారు. జాగీరు, ఇనాము ఉన్న ఖాన్‌దాన్లకు ముంతఖబ్, విరాసత్ ఫైసలాలు ఉంటాయి. 1952 అతియాత్ చట్టం కింద జరిగిన విచారణల కాగితాలు కూడా చూడాలి. రియాసత్ కాలం దఫ్తర్లు తార్నాక స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

తారీఖుల దగ్గర హోషియార్‌గా ఉండాలి. పాత కాగితం మీద 1352 అని కనబడితే అది హిజ్రీనా, ఫస్లీనా చూడండి. హిజ్రీ 1352 అంటే 1933-34. ఫస్లీ 1352 అంటే 1942-43. దాదాపు పదేళ్ల ఫరక్. నెల పేరు ఆజర్, బహ్మన్, ఖుర్దాద్ లాంటిదైతే అది ఫస్లీ. ఫస్లీ సంవత్సరం అక్టోబరు మొదట్లో మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే 590, జనవరి నుంచి సెప్టెంబరు దాకా అయితే 591 కలపండి. మా దాదా నికా ఖుర్దాద్ 1352 ఫస్లీ. అంటే 1943 ఏప్రిల్ ప్రాంతం.

భూమి కాగితాలు మాత్రమే చూస్తే శజ్రా సగమే అవుతుంది. పట్టా ఉన్నవాళ్ల పేర్లే వాటిలో ఎక్కువ. కౌలుకు దున్నినవాళ్లు, గొర్లు కాసినవాళ్లు, రాళ్లు కొట్టినవాళ్లు కనబడరు. కౌలుదారుల వారసులైతే 1950 టెనెన్సీ చట్టం కింద రాసిన రక్షిత కౌలుదార్ల జాబితా తప్పకుండా అడగాలి. ఆడవాళ్ల పేర్లు పహాణీలో చాలా అరుదు. వాళ్లు దొరికేది నికా సియాహాలో. అక్కడ దుల్హన్ పేరు, ఆమె వాలిద్ పేరు, మహర్, గవాహీల పేర్లు ఉంటాయి. నకలు ఖాజీ దగ్గర దొరకకపోతే వక్ఫ్ బోర్డు ఖజాత్ సెక్షన్‌లో అడగవచ్చు. మా దాదీ వాలిద్ పేరు మాకు దొరికింది సియాహాలోనే. పహాణీల్లో ఆయన ఎక్కడా లేడు.

ఇదంతా ఖాళీ సమయంలో చేసే షౌక్ మాత్రమే అనుకోకండి. పేరు చివరి మాట మీద ఇవాళ్టికీ ఫైసలాలు జరుగుతున్నాయి. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందిన వక్ఫ్ అని చెప్పిన మణికొండ జాగీర్ 1654 ఎకరాల 32 గుంటల మీద 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. భూమి రాష్ట్ర ప్రభుత్వానిదే అంది. వాదనంతా జాగీర్ల రద్దు, అతియాత్ విచారణ, పాత ముంతఖబ్ చుట్టూనే నడిచింది. 1958లో వేసిన పాయిగా వాటాల దావా ఒకటి హైదర్‌నగర్ భూముల విషయంలో 2023లో కూడా సుప్రీంకోర్టులో నలిగింది. 2025 ఏప్రిల్‌లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపిన 400 ఎకరాలు రికార్డులో కంచ గచ్చిబౌలి. కంచ అంటే పశువుల మేతకు విడిచిన జాగా అని మన పాతవాళ్లు చెప్పనక్కర్లేకుండానే తెలుసుకునేవాళ్లు. నాలెడ్జ్ సిటీ అద్దాల బిల్డింగుల కింది నేల కాగితాల్లో ఇంకా రాయదుర్గ్ పాన్‌మక్తానే.

ఈ పాత పేర్లు ఇప్పుడు బోర్డుల మీద లేవు. మెట్రో స్టేషన్ మీద రాయదుర్గ్ అని ఉంది గానీ, మూడింటిలో ఏదో రాసి లేదు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేసే పిల్లలకు నానక్‌రామ్‌గూడ బస్‌స్టాప్ పేరు మాత్రమే. ఇక్కడి పాత ఖాన్‌దాన్లను కూడా "ఎక్కడి నుంచి వచ్చారు?" అని అడిగే రోజులివి.

కాబట్టి దోస్తులారా, ఇంట్లో ఉన్న ప్రతి పాత కాగితం వెనక పెన్సిలుతో మౌజా పూరా పేరు రాసి పెట్టండి, పాయిగానో, ఖాల్సానో, మక్తానో ఆ చివరి మాటతో సహా. బుజుర్గులను జిల్లా ఏదని అడగకండి, హుదూద్-ఎ-అర్బా అడగండి: తూర్పున ఎవరి పొలం, పడమర ఏ చెరువు, ఉత్తరాన ఏ గుట్ట, దక్షిణాన ఏ దర్గా. ఆ నాలుగు హద్దులు వాళ్లకు ఇంకా గుర్తున్నాయి. గుట్టలు చాలావరకు పగలగొట్టేశారు. చెరువులు కుదించుకుపోతున్నాయి. ఆ హద్దులు చెప్పగల నోళ్లు కూడా తగ్గిపోతున్నాయి. ఈ ఆదివారమే వెళ్లి అడగండి.