ఏటవతలావిడ ఎవరి కూతురు?

మీ ఇంట్లో పాత పెట్టె ఉంటే ఈ పూట ఒకసారి తెరవండి. తాత, ముత్తాత, ఆయన తండ్రి... మగవాళ్ల పేర్లు పట్టాల్లో, శిస్తు రసీదుల్లో వరసగా దొరుకుతాయి. మరి ముత్తాతను కన్నతల్లి ఎవరి కూతురు? అక్కడ ఆగిపోతాం.

మా ముత్తాత తల్లిని ఇంట్లో అందరూ ‘ఏటవతలావిడ’ అనేవారట. అసలు పేరు చెప్పే మనిషి మిగల్లేదు. కోడల్ని పుట్టింటి ఊరి గుర్తుతో పిలవడం మనకు మామూలే కదా, ఆ పిలుపే నాకు మొదటి ఆనవాలు.

సర్కారు లెక్కల్లో దొరుకుతుందిలే అనుకోకండి. మద్రాసు రాజధానిలో 1871లో జనాభా లెక్కలు తీశారు గానీ మన చేతికొచ్చేవి అంకెల పట్టికలే, ఇంటింటి పేర్లు కావు. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1899లో. మన ఊళ్లకు వంశాలు చెప్పడానికి వచ్చే పిచ్చుకుంట్లవాళ్లు గోత్రం, మగసంతతి గడగడా చెప్తారు. ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి ‘ఫలానా ఊరిచ్చారు’ అని ఒక్క మాటతో దాటేస్తారు. ఒకే ఇంటిపేరు కదా అని చుట్టరికం కలిపేయడం ఇంకో పొరపాటు. నేనూ చేశాను. గోత్రం అడిగితే తేలిపోయింది, వాళ్లు వేరే.

చివరికి దారి చూపింది పసుపు కుంకుమ కాగితం. మన పాత పత్రాల్లో ఆడమనిషిని ‘ఫలానావారి భార్య’ అనే రాస్తారు. పుట్టింటివాళ్లు భూమి ఇచ్చిన పత్రంలో మాత్రం తండ్రి ‘నా కుమార్తె’ అని రాయక తప్పదు. మా పెట్టె అడుగున అలాంటిదొకటి ఉంది. ఇంగ్లీషు తేదీ ఉన్న మూల చెదలు తినేసింది. ‘విరోధి నామ సంవత్సరం’ అన్నది మిగిలింది. విరోధి అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1829, 1889, 1949. స్టాంపు మీద విక్టోరియా రాణి బొమ్మ ఉంది కాబట్టి 1889 తప్ప వేరే దారి లేదు.

ఇక రిజిస్ట్రారు ఆఫీసు. కంప్యూటర్‌లో ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే ఇండెక్సు పుస్తకాలు వెతికించమని రుసుం కట్టాలి, పేర్లకు ఒకటి, ఆస్తికి ఒకటి ఉంటాయి. రెండు రోజులు తిరిగాను. నకలు దొరికింది. తండ్రి పేరు, ఊరు, సాక్షిగా ఆమె తమ్ముడి వేలిముద్ర. ఆమె పేరు చదివి నాకు నోట మాట రాలేదు. మా పెద్దమేనత్త పేరే అది! ఎవరి పేరు పెట్టారో తెలియకుండానే ఆమె ఎనభై ఏళ్లు ఆ పేరుతో బతికింది.

ఇంకో సంగతి. ఏటవతల మాకున్న ఎకరంన్నర ముత్తాత కొన్నాడనే ఇన్నాళ్లూ చెప్పుకున్నాం. ఆర్.ఎస్.ఆర్.లో పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కనే ఉంటాయి కదా, పోల్చి చూశాను. పసుపు కుంకుమ కింద ఆమెకిచ్చిన చెక్కే అది. ఆర్.ఎస్.ఆర్. నాటికి కొడుకు పేరున ఎక్కింది. కొన్నాడన్న మాట ఎవరు మొదలుపెట్టారో గానీ, మా నాన్న కూడా అదే నమ్మి పోయాడు.

చిత్రం చూడండి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. అలా 1911 దాకా నేటాల్ చెరకు తోటలకు లక్షన్నర మంది పైగా వెళ్లారు, అందులో మన తెలుగువాళ్లు బోలెడుమంది. ఆ ఓడల పట్టికల్లో తండ్రి పేరుకి, ఊరికి, కులానికి, ఒంటి మీద పుట్టుమచ్చకి కూడా గడి ఉండేది. సముద్రం దాటిన కూలి మనిషికి అంత వివరం రాశారు, ఏరు దాటి కాపురానికొచ్చిన మనిషికి లేదు.

ఆమె తల్లి పేరు మాత్రం ఇంకా దొరకలేదు. పెద్దకూతురికి తన తల్లి పేరు పెట్టి ఉండొచ్చు, అది ఊహే గానీ రుజువు కాదు. మాసూళ్లు అయ్యాక ఏటవతలికి వెళ్లి ఆ తమ్ముడి సంతతిని అడుగుతాను. ఈలోగా మీలో ఎవరింట్లోనైనా విరోధి నాటి పసుపు కుంకుమ కాగితం ఉంటే ఫోటో తీసి పెట్టండి. పారేయకండి.