వచ్చిపోవు జాడ్యము

కదిరినుండి మదనపల్లెకు బోవు బాటపై నున్న తనకల్లు, 1910వ సంవత్సరమునకు ముందు కదిరి తాలూకాతో పాటు కడప జిల్లాలో నుండి, పిదప అనంతపురమున జేరి, 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిదైనది. పాలనాసరిహద్దులు ఎన్నిమారులు మారినను, వేరుసెనగ చేలకు వాన మొగము చాటువేయుటయు, చెరువులెండి జనులు బోరునీటిని నమ్ముకొనుటయు మాత్రము మారలేదు. నీటిలోని ఫ్లోరైడు ఎముకలకు బట్టి, వెన్నుపామును నొక్కి, మనుష్యుని మంచమున బడవేయగలదని 1937లో నాటి నెల్లూరు జిల్లా గ్రామములను పరిశీలించిన షార్ట్ మొదలగు వైద్యులు లోకమునకు దెలిపిరి. అనంతపురపు పల్లెలు పెక్కింటికి ఆ బాధ తప్పలేదు. మదనపల్లె చెంతనే ఆరోగ్యవరమున 1915లో క్షయరోగుల ఆసుపత్రి తెరవబడెను. వెన్నెముకకు బట్టిన క్షయయు కాళ్లను చచ్చుబరచునదే. కావున ఇచ్చట నొకరికి కాళ్లు పడిపోయినవనగా, ఫ్లోరైడును, క్షయను, పక్షవాతమును తలచుట న్యాయమే. మల్టిపుల్ స్క్లీరోసిస్ (ఎమ్మెస్) అను నాలుగవ పేరు తలపునకు రాకపోవుటకు ఆ వ్యాధి నడకయే ముఖ్యకారణమని నా అభిప్రాయము.

మెదడునందును వెన్నుపామునందును నరపుపోగులను గప్పియుండు మైలిన్ పొరను, దేహరక్షణకై యున్న కణములే పగబట్టి చెరచుట దీని స్వరూపము. 1868లో పారిసు నగరపు సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో, మృతుల మెదళ్లలోని గట్టిపడిన మచ్చలకును, వారు బ్రతికియున్ననాటి వణకునకును తడబాటునకును గల సంబంధమును వివరించెను. హెచ్చుమందికి ఈ వ్యాధి దాడిగా వచ్చి, కొన్ని వారములుండి, పూర్తిగనో కొంతగనో తగ్గి, నెలలకో యేండ్లకో వేరొకచోట తలయెత్తును. ఇరువది ముప్పది యేండ్ల యాడుకూతురికి ఒక కన్ను నొప్పిపెట్టి మసకబారి, నెల దాటునప్పటికి తేటపడును. రెండేండ్లకు నడుము క్రింద తిమ్మిరి యెక్కును. ఒకమారు నాటువైద్యుని పసరును, ఒకమారు ఆసుపత్రి సూదిమందును, మరియొకమారు కదిరి నరసింహస్వామి మ్రొక్కును ఆ స్వస్థతకు కారణములుగా దోచుట సహజము. తనంతట తగ్గు జబ్బు, కడపట జేసిన చికిత్సకు కీర్తి గట్టబెట్టును. కన్నును జూచిన వైద్యుడొకడు, కాలును జూచిన వైద్యుడొకడు. రెంటిని గలిపి చదువువాడు లేడు. 1983లో పోజర్ బృందమును, 2001లో మెక్‌డొనాల్డ్ బృందమును ఏర్పరచిన నిర్ధారణసూత్రములకు ప్రాణమిదియే: మచ్చలు వేర్వేరు స్థానములందును వేర్వేరు కాలములందును పుట్టినట్లు తేలవలెను.

ఎండకును ఈ వ్యాధికిని గల సంబంధము తనకల్లు వారికి మిక్కిలి అవసరమైనది. 1890లో జర్మనీ నేత్రవైద్యుడు ఊటోఫ్, శ్రమపడినప్పుడు కొందరు రోగుల చూపు మసకబారి, విశ్రమించినంతనే తిరిగి వచ్చుటను గమనించెను. దేహోష్ణము పెరుగుటయే దీనికి మూలమని పిదప దేలెను. గడచిన శతాబ్దపు నడుమ, రోగిని వేడినీటి తొట్టిలో గూర్చుండబెట్టి, ఒళ్లు కాగుకొలది చూపు మసకలగుచున్నదా, కాళ్లు బరువెక్కుచున్నవా యని వైద్యుడు ప్రక్కన నిలిచి చూచుట ఒక పరీక్షగా నుండెను. 1981లో లండనున ఎమ్మారై యంత్రము ఆ మచ్చలను కంటికి జూపిన పిమ్మట క్రమముగ ఆ తొట్టితో పని తీరెను. కాని వైశాఖమాసమున ఉపాధిహామీ పనిలో మట్టితట్ట మోయు రోగికి ఆ పరీక్ష నేటికిని ప్రతిదినము జరుగుచునే యున్నది. నీడ జేరి, తడిగుడ్డ మెడకు జుట్టుకొని, చల్లని నీరు త్రాగగా తగ్గు బలహీనత క్రొత్త దాడి కాదు. జ్వరము లేకుండ ఒక దినమునకు మించి నిలిచిన క్రొత్త లక్షణమే దాడి. ఈ భేదమెరిగినచో, దాడికి ఇచ్చు స్టెరాయిడు అనవసరమైనచోట తప్పును, అవసరమైనచోట ఆలస్యము కాదు.

ఎమ్మెస్ శీతదేశముల వ్యాధియని చిరకాలము నమ్మిరి. కాని 1949లో వెల్లూరున జేకబ్ చాండీ నెలకొల్పిన నరాలవైద్య విభాగమును, 1974లో బెంగుళూరున రూపొందిన నిమ్‌హాన్సును దక్షిణదేశపు నరాల రోగులకు దారి జూపినవి. 2004లో ఒక ప్రత్యేక ప్రతిరక్షకము బయటపడగా, కన్నును వెన్నుపామును బట్టు న్యూరోమైలైటిస్ ఆప్టికా వేరొక వ్యాధియని స్పష్టమైనది; మన దేశమున మునుపు ఎమ్మెస్ అని వ్రాసిన కేసులలో కొన్ని దానివి. ఒకదాని మందు రెండవదానికి హాని చేయగలదు గాన ఆ ప్రతిరక్షకమునకై చేయు రక్తపరీక్ష ఉపేక్షింపదగినది కాదు.

ఎమ్మెస్‌కు 1993లో అమెరికాలో అనుమతి పొందిన ఇంటర్‌ఫెరాన్ బీటా దాడులను మూడింట నొకవంతు తగ్గించెను. అట్టి సూదిమందులు పెక్కింటిని 2 నుండి 8 డిగ్రీల చల్లదనమున నుంచవలెను. కరెంటు నిలుకడ లేని పల్లెకు, ఐసుపెట్టెతో బస్సెక్కి తెచ్చుకొను కుటుంబమునకు, మందు ధరతో సమానమైన కష్టమది. 2010లో నోటిమాత్రలు మొదలైన పిదప ఆ కష్టము కొంత తీరెను. అయితే రోగనిరోధకశక్తిని అణచు కొన్ని మందులు లోన నిద్రించు క్షయను మేల్కొల్పగలవు గాన, వానికి ముందు క్షయపరీక్ష తప్పదు. ఆరోగ్యవరమునకు పొరుగైన ఈ సీమలో ఆ జాగ్రత్త మరింత అవసరము.

1995 నాటి వికలాంగుల చట్టమున ఎమ్మెస్ పేరు లేదు; 2016 చట్టము 21 వైకల్యములలో దీనిని జేర్చెను. కాని వైకల్యమును నిర్ధారించు సదరం శిబిరమునకు బోయిన దినమున రోగి కాళ్లు చక్కగ నడచుచుండవచ్చును. అందువలన ఏ నెలలో ఏ కన్ను మసకబారెనో, ఏ కాలు ఎన్ని దినములు తిమ్మిరెక్కెనో, ఏ మందిచ్చిరో ఇంటివారు ఒక నోటుపుస్తకమున తేదీలతో వ్రాసి, ఎమ్మారై చిత్రములతో పాటు ఆ శిబిరపు వైద్యుల యెదుట నుంచవలెను.